క్లాసిక్ 350 కొని రెండు వేల కిలోమీటర్లు దాటింది: బరువు, మైలేజీ, హైవే గురించి నా అనుభవం

మీరు అడిగింది ఇదీ: ఆమదాలవలసలో ఉంటారు, శ్రీకాకుళంలో ఉద్యోగం, ఇప్పుడున్నది 125 సీసీ బండి, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 మీద మనసుంది, ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు, అంత బరువు బండిని రోజూ వాడగలనా, మైలేజీ ఎంతొస్తుంది, నాన్నగారు వెనక కూర్చోగలరా, నెలకోసారి విశాఖ వెళ్ళడానికి పనికొస్తుందా. మాది విజయనగరం. నేను తీసుకున్నదీ అదే బండి. రోజూ నెల్లిమర్ల, గరివిడి మీదుగా చీపురుపల్లి వెళ్ళి వస్తాను కాబట్టి మీ ప్రశ్నలకి నాకు తెలిసినంత చెప్తాను. అరవై నుంచి ఎనభై స్పీడులో పోవడం మీకు ఇష్టమైతే కళ్ళు మూసుకుని తీసుకోండి. వందకి పైన పరుగెత్తాలనుకుంటే మాత్రం ఇది మీ బండి కాదు.

ముందు బరువు సంగతి, ఎందుకంటే అందరూ భయపడేది దానికే. కంపెనీ లెక్క ప్రకారం 195 కిలోలు. మీ 125 బండి నూట ఇరవై కిలోలకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది, అంటే ఇంకో మనిషి బరువు అదనం. కదిలాక ఆ తేడా మీకు తెలియదు, నిజంగానే తెలియదు. మయూరి జంక్షన్లో ఆటోల మధ్య కూడా క్లచ్ మీద మెల్లగా పోనిచ్చుకోవచ్చు. ఇబ్బందల్లా ఇంజిన్ ఆఫ్‌లో ఉన్నప్పుడే. ఇంటి గేటు ముందు ర్యాంపు ఉంటుంది కదా, దాని మీదుగా బండిని వెనక్కి లాక్కోవడం, బజారులో పల్లం వైపు ముఖం పెట్టి ఆపిన బండిని మళ్ళీ వెనక్కి తియ్యడం, గంటస్తంభం దగ్గర రెండు స్కూటీల మధ్య ఇరుక్కున్నదాన్ని బయటికి తెచ్చుకోవడం, ఇవీ అసలు పరీక్షలు. అందుకని ఆపేటప్పుడే ముందు చక్రం ఎత్తు వైపు ఉండేలా ఆపడం అలవాటు చేసుకోండి, తీసేటప్పుడు బండి బరువే దాన్ని వెనక్కి తెస్తుంది. డబుల్ స్టాండు వెయ్యడానికి చేతులతో ఎత్తబోతే నడుం పట్టేస్తుంది. కుడికాలు స్టాండు మీద పెట్టి శరీరం బరువంతా దాని మీద మోపి తొక్కాలి, కుడిచేత్తో వెనక గ్రాబ్ రెయిల్ పట్టుకుని ఊరికే పైకి దారి చూపిస్తే చాలు, బండి తనే వెనక్కి ఎక్కుతుంది. సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు. మీ ఎత్తుకి రెండు కాళ్ళ మునివేళ్ళూ, పాదం ముందు భాగమూ నేలకి బాగానే ఆనతాయి, మడమలు కొంచెం లేస్తాయి. షోరూంలో టెస్ట్ రైడ్ ఇచ్చేటప్పుడు ఊరికే ఒక రౌండు కొట్టి దిగిపోకండి. ఇంజిన్ ఆపేసి, ఎవర్నీ పట్టుకోనివ్వకుండా, బండిని పది అడుగులు ముందుకీ వెనక్కీ మీరే నెట్టి చూడండి. అది చేయగలిగితే బరువు గురించి ఇంక ఆలోచించక్కర్లేదు.

ఇప్పుడు ఇంజిన్. కాగితం మీద 349 సీసీకి 20.2 బీహెచ్‌పీ అంటే చాలామంది పెదవి విరుస్తారు. కానీ మన రోడ్ల మీద చూడాల్సింది టార్క్, అంటే లాగే బలం, అది 27 న్యూటన్ మీటర్లు, అదీ ఇంజిన్ నిమిషానికి 4000 చుట్లు (ఆర్పీఎం) తిరిగేసరికే పూర్తిగా వచ్చేస్తుంది. ఈ ఇంజిన్లో సిలిండర్ వెడల్పు 72 మిల్లీమీటర్లయితే పిస్టన్ పైకీ కిందకీ తిరిగే దూరం 85.8, అందుకే తక్కువ తిరుగుడులోనే గట్టిగా లాగుతుంది, పై స్పీడుల్లో మాత్రం ఆయాసపడుతుంది. కోతల రోజుల్లో మన ఊళ్ళ రోడ్లు మీకు తెలిసినవే. సగం రోడ్డు మీద మొక్కజొన్న గింజలో వడ్లో ఎండుతుంటాయి, చుట్టూ రాళ్ళు పేర్చి ఉంటాయి, మిగిలిన సగంలోంచి ఎదురుగా ట్రాక్టరు వస్తుంటుంది. అక్కడ 125 బండి మీద గేరు దించుతూ ఎక్కిస్తూ ఉండేవాణ్ణి. దీని మీద మూడో గేరులో ముప్ఫైకి దిగి, దారి దొరకగానే యాక్సిలరేటర్ కొంచెం తిప్పితే చాలు, వణుకూ లేదు, నత్తీ లేదు, అలా సాగిపోతుంది. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కినప్పుడు కూడా అంతే, వెనక మనిషి ఉన్నా చాలా మలుపుల్లో రెండు, మూడు గేర్లతోనే పని అయిపోయింది. ఈ బండిని నేను ఇష్టపడ్డది అసలు అక్కడే.

పాత క్లాసిక్ నడిపినవాళ్ళు వైబ్రేషన్ గురించి మిమ్మల్ని బెదిరిస్తారు. అది పాత ఇంజిన్ సంగతి. 2021 సెప్టెంబరులో వచ్చిన మోడల్ నుంచి ఇంజినే వేరు, లోపల వణుకు తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉంది, ఎనభై దాకా అద్దాల్లో వెనకొచ్చే లారీ నంబరు చదువుకోవచ్చు. తొంభై దాటితే ఫుట్‌రెస్టుల దగ్గర సన్నగా జుమ్మంటుంది. శబ్దం మాత్రం పాత బుల్లెట్ అంత లావుగా ఉండదు, మెత్తబడింది, దాని కోసమే కొనేవాళ్ళు ముందుగా విని చూసుకోవాలి.

హైవే సంగతి కాస్త వివరంగా చెప్పాలి, మీరు విశాఖ వెళ్తానంటున్నారు కాబట్టి. శ్రీకాకుళం దాటాక ఎచ్చెర్ల, చిలకపాలెం, రణస్థలం వరకూ ఎనభైలో హాయిగా పోతారు. పైడిభీమవరం దగ్గర ఫ్యాక్టరీల లారీలు, బస్సులు కలిసేచోట ఓవర్‌టేక్ లెక్క మారుతుంది. ఎనభై నుంచి వందకి ఈ బండి తీరిగ్గా వెళ్తుంది, లారీ పక్కకి వచ్చాక ఇంకొంచెం పిక్ అప్ కావాలంటే ఉండదు. అందుకని ముందే నాలుగో గేరుకి దించి, ఎదర ఖాళీ చూసుకుని బయటికి రావాలి. భోగాపురం వైపు సముద్రం గాలి అడ్డంగా కొడుతుంది, నిటారుగా కూర్చునే బండి కాబట్టి ఆ గాలంతా ఛాతీకే, అయితే 195 కిలోలు ఇక్కడ మాత్రం మేలే చేస్తుంది, తేలిక బండిలా పక్కకి జరిగిపోదు. బ్రేకులు నాకు పూర్తి నమ్మకాన్నిచ్చాయి. వెనక కూడా డిస్క్, రెండు చక్రాలకీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ఉన్న వేరియంటే తీసుకోండి, నాలుగు డబ్బులు ఎక్కువైనా ఫరవాలేదు. నల్లరోడ్డు మీద గింజలు పడి ఉన్నప్పుడు వెనక చక్రం జారడం అంటే ఏమిటో మన వైపు బండి నడిపే ప్రతివాడికీ తెలుసు.

కొత్తలో ఇంజిన్ని ఎలా వాడారన్నది చాలా ముఖ్యం. మొదటి సర్వీసు 500 కిలోమీటర్లకో 45 రోజులకో, ఏది ముందొస్తే అది. అంతవరకూ ఒకే స్పీడులో గంటల తరబడి పోకూడదు, అలాగని ఐదో గేరులో ముప్ఫైకి దించి ఈడ్చకూడదు, రెండోది ఇంకా ఎక్కువ నష్టం. మీకు రోజూ ఒక వైపుకి పన్నెండు పదమూడు కిలోమీటర్లే ప్రయాణం, మధ్యలో ఆగుతూ పోతూ ఉంటారు, రన్నింగ్ ఇన్‌కి, అంటే కొత్త ఇంజిన్ సర్దుకోవడానికి, అది సరిపోతుంది. మొదటి వారాల్లో గేర్లు కొంచెం గట్టిగా పడ్డాయి, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ కోసం వెతుక్కోవలసి వచ్చింది. మొదటి సర్వీసులో ఆయిల్ మార్చాక ఆ రెండూ సర్దుకున్నాయి. అందుకే సర్వీసుకి ముందు బండి మీద ఏ తీర్పూ ఇవ్వకండి.

మైలేజీ నేను మీటరు చూసి చెప్పడం లేదు. ట్యాంకు మూత దాకా కొట్టించి, మళ్ళీ అదే బంకులో అలాగే కొట్టించి, లీటర్లతో కిలోమీటర్లని భాగించి చూస్తున్నాను. చీపురుపల్లి రోడ్డు మీద 34, 35 వస్తోంది. విజయనగరం ఊళ్ళోనే తిరిగిన వారాల్లో 30కి కాస్త పైన. హైవే మీద తొంభైలో లాగిస్తే పడిపోతుంది, డెబ్భైలో వెళ్తే పెరుగుతుంది, ఆ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ట్యాంకు 13 లీటర్లు. 125 బండి మీద అరవై చూసిన కళ్ళకి ఇది కష్టంగానే ఉంటుంది. మీ ప్రయాణానికి నెలకయ్యే పెట్రోలు ఎంతో కాగితం మీద వేసుకుని, ఇంట్లో చెప్పి, అప్పుడు అడ్వాన్సు ఇవ్వండి.

నాన్నగారి విషయం. వెనక సీటు వెడల్పుగా ఉంటుంది, పట్టుకోవడానికి ఆధారం ఉంది, ఎక్కడమే కొంచెం పని. మోకాళ్ళ నొప్పులుంటే, మీరు ముందు కూర్చుని రెండు కాళ్ళూ గట్టిగా ఆనించాక ఎడమ ఫుట్‌రెస్టు మీద కాలు వేసి ఎక్కమనండి, సైడ్ స్టాండు మీద ఉండగా ఎక్కించకండి. వెనక షాక్ అబ్సార్బర్లకి ఆరు మెట్ల సర్దుబాటు ఉంది. ఒక్కరే వెళ్ళినప్పుడు స్పీడ్ బ్రేకర్ మీద నడుముకి తగిలినట్టనిపించినా, ఇద్దరు కూర్చుంటే మెత్తబడుతుంది. మా అమ్మ చీరతో పక్కకి కూర్చుంటుంది, అప్పుడు బరువంతా ఎడమ వైపే ఉంటుంది కాబట్టి యూటర్న్‌లో మరీ మెల్లగా, వెనక బ్రేకు మీద కాలు ఉంచి తిప్పాలి. ఒకసారి నాన్నగారిని కూడా షోరూంకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి చూడండి.

ఇంకో మాట, మీరు కళింగపట్నం, శ్రీకూర్మం వైపు ఎక్కువగా తిరిగేవారైతే సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, క్రోమ్ ఎక్కువున్న రంగు కంటే నలుపు మ్యాట్ రంగులు, అల్లాయ్ చక్రాలు ఉన్న వేరియంట్ చూసుకోండి. దానికి ట్యూబ్‌లెస్ టైర్లు కూడా వస్తాయి, స్పోక్ చక్రాలకి ట్యూబ్ ఉంటుంది, రాత్రిపూట పంక్చరైతే అంత బరువు బండిని తోసుకుంటూ పోవడం ఎవరి వల్లా కాదు.

బరువు ఎలా చూసినా కుదరదనిపిస్తే ఇదే ఇంజిన్‌తో హంటర్ 350 ఉంది, 181 కిలోలే, చక్రాలు చిన్నవి, ఊళ్ళో చురుగ్గా తిరుగుతుంది, గతుకుల్లో మాత్రం క్లాసిక్ అంత కుదురు నాకు కనపడలేదు. హోండా హైనెస్ సీబీ350 కూడా నడిపి చూడండి. అదీ 181 కిలోలే, టార్క్ 30, అదీ 3000 ఆర్పీఎంకే, ట్యాంకు 15 లీటర్లు. నాకు క్లాసిక్ సీటూ కూర్చునే తీరూ నచ్చి ఇటు వచ్చాను, ఇంజిన్ నున్నదనంలో మాత్రం హోండాదే పై చెయ్యి అని ఒప్పుకుంటాను. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బళ్ళకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఆ పైవాటికి 40 అయింది. ఇవన్నీ 350 లోపే కాబట్టి పాత ధరలు చెప్పేవాళ్ళ మాట పట్టించుకోకండి.

కొటేషన్ ఇచ్చినప్పుడు ఇన్సూరెన్స్ వరుస విడిగా చదవండి. కొత్త బండికి ఐదేళ్ళ థర్డ్ పార్టీ తప్పనిసరి, మన బండికి జరిగే నష్టానికి చేసేది ఏడాదికి చాలు, పైగా అది షోరూంలోనే చేయించాలన్న రూలేమీ లేదు. నేను వెళ్ళిన చోట యాక్సెసరీల పేరుతో అడక్కుండానే కొన్ని వేలు కలిపి రాశారు, ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించి కొట్టేయించాను. సేఫ్టీ గార్డు మాత్రం ఉంచమన్నాను, నిలబెట్టిన చోట బండి పక్కకి ఒరిగినా ట్యాంకూ కాలూ రెండూ దక్కుతాయి. మీరు ఏ వేరియంట్ చూస్తున్నారో, వాళ్ళు ఆన్‌రోడ్ ఎంత చెప్పారో కింద రాయండి, అందులో ఏవి తీసేయించొచ్చో చూసి చెప్తాను.