టెక్ సందేహాలు: హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లకు పెట్టే అదనపు సొమ్ము తిరిగొస్తుందా?

ప్రశ్న: మాది నల్లగొండ, రామగిరి. ఉద్యోగం మిర్యాలగూడలో. రోజూ రానూపోనూ 80 కిలోమీటర్లు, నెలకు దాదాపు 1,700 కిలోమీటర్లు తిరుగుతాను. ఒకే సైజు కార్లకు మూడు కొటేషన్లు తెచ్చుకున్నాను. ఆన్‌రోడ్ ధర పెట్రోల్ ఆటోమేటిక్‌కు 15.8 లక్షలు, ఎలక్ట్రిక్‌కు 16.9 లక్షలు, స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు 20 లక్షలు. సొంత ఇల్లు, గేటు లోపల కారు పట్టే స్థలం ఉన్నాయి. అదనంగా పెట్టే డబ్బు తిరిగి వస్తుందా?

జవాబు: కొటేషన్లు తెచ్చుకుని అడిగారు, సగం పని మీరే చేసిపెట్టారు. స్ట్రాంగ్ హైబ్రిడ్ అంటే పెట్రోల్ ఇంజనుతో పాటు కారును సొంతంగా నడపగల మోటారు, బ్యాటరీ కూడా ఉన్న కారు. దాని ధర అంత పైకి ఎందుకు పోయిందో ముందు చూద్దాం. ఎలక్ట్రిక్ కారుకు జీఎస్టీ 5 శాతమే. 2025 సెప్టెంబర్ 22 నుంచి అమలైన కొత్త రేట్లలో 4 మీటర్ల పొడవు దాటిన హైబ్రిడ్‌కు 40 శాతం. దానికి తోడు తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్‌లో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. గడువు 2026 డిసెంబర్ 31. హైబ్రిడ్‌కు మాత్రం పెట్రోల్ కారుతో సమానంగా జీవితకాల పన్ను కట్టాల్సిందే. ఇంధనం పొదుపు చేసే బండి మీద పన్ను కూడా ఎక్కువే పడటం నాకు సబబుగా తోచదు కానీ, మన లెక్క మాత్రం ఆ పన్నుతో కలిపే వేసుకోవాలి.

లీటరు పెట్రోల్ 108 రూపాయలు అనుకుందాం. పెట్రోల్ ఆటోమేటిక్ లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే నెలకు 12,200 రూపాయలు అవుతుంది. హైబ్రిడ్ కంపెనీ కాగితం మీద 27 దాటి కనిపిస్తుంది. మీ దారిలో 21, 22 వస్తుందనుకోండి, ఖర్చు 8,500. అంటే నెలకు 3,700, ఏడాదికి 45,000 లోపు మిగులు. అదనంగా పెట్టేది 4.2 లక్షలు కాబట్టి తొమ్మిదేళ్లు దాటుతుంది. అదే అప్పు చేసి తెస్తే 9 శాతం వడ్డీయే మొదటి ఏడాది 37,000 పైన. పెట్రోల్ మీద మిగిలే దాంట్లో ఎక్కువ భాగం బ్యాంకుకే పోతుంది. హైబ్రిడ్ అసలు బలం బ్రేకు వేసినప్పుడల్లా వృథా అయ్యే శక్తిని బ్యాటరీకి మళ్లించడంలో ఉంది. హైదరాబాద్ ట్రాఫిక్‌లో అది బాగా పనికొస్తుంది. మిర్యాలగూడ రోడ్డు మీద 80 వేగంతో సాగిపోయే కారుకు బ్రేకులు ఎన్నిసార్లు పడతాయి?

ఇక ఎలక్ట్రిక్. గోడ ప్లగ్గు దగ్గర తీసుకున్న ఒక యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్లు వేసుకుంటే నెలకు 260 యూనిట్లు. చాలామంది ఇక్కడే తప్పు లెక్క వేస్తారు. మన దక్షిణ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) శ్లాబుల్లో నెల వాడకం 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారుతుంది. తొలి 200కు 5.10, తర్వాతి వందకు 7.70, ఆపై వందకు 9 రూపాయలు, 400 దాటితే 9.50. ఇప్పుడు మీ ఇంట్లో 180 యూనిట్లు కాలుతున్నాయనుకుంటే కరెంటు చార్జీ 724 రూపాయలు. కారు వచ్చాక 440 యూనిట్లకు 3,070. అంటే పెరిగేది సుమారు 2,350. పెట్రోల్‌తో పోలిస్తే నెలకు దాదాపు 9,800 మిగులుతుంది. మీరు అదనంగా పెట్టే 1.1 లక్షలు ఏడాదిలోపే వచ్చేస్తాయి. టైర్లు కొంచెం త్వరగా అరుగుతాయి, అమ్మేటప్పుడు ధర తక్కువ పలుకుతుంది. అవి తీసేసినా మీ వాడకానికి ఎలక్ట్రిక్కే నా ఓటు.

షోరూమ్ వాళ్లు సాధారణంగా చెప్పనిది ఎర్తింగ్ సంగతి. కారుతో ఇచ్చే చార్జర్ 15 యాంపుల ప్లగ్గుకు తగిలిస్తారు. రోజూ ఖర్చయ్యే కరెంటు నాలుగైదు గంటల్లో తిరిగి నిండుతుంది. కానీ ఎర్తింగ్ సరిగా లేకపోతే చార్జర్ మీద ఎర్ర లైటు వెలుగుతుంది, చార్జింగ్ మొదలే కాదు. మన వైపు నేల రాతినేల. ఏప్రిల్, మే నెలల్లో ఎర్త్ గుంత ఎండిపోయి, వానాకాలంలో చక్కగా పనిచేసిన ప్లగ్గు కూడా మొరాయిస్తుంది. గుంతలో నీళ్లు పోయగానే పచ్చ లైటు రావడం చాలా ఇళ్లలో జరిగేదే. కారు రాకముందే కారు కోసం విడిగా ఎర్త్ గుంత తీయించండి. మీటరు నుంచి ప్లగ్గు దాకా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి సొంత ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు దానంతటదే ఆపే స్విచ్) వేయించండి. కరెంటు సెక్షన్ ఆఫీసులో శాంక్షన్డ్ లోడు (ఇంటికి మంజూరైన కరెంటు పరిమితి) కూడా పెంచుకోండి.

డాబా ఖాళీగా ఉంటే మరొక దారి ఉంది. 3 కిలోవాట్ల సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. అది రోజుకు సగటున ఇచ్చే 12 యూనిట్లూ మీ 80 కిలోమీటర్లూ దాదాపు సరిసమానం.

ప్రశ్న: మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో రెండో అంతస్తులో అద్దెకు ఉంటున్నాం. నెలకు 600 కిలోమీటర్లకు మించి తిరగం. పెట్రోల్ ఖర్చు తగ్గాలంటే హైబ్రిడ్ మేలని మా బావమరిది అంటున్నారు.

జవాబు: ఆయన మీ కిలోమీటర్లు లెక్కించినట్టు లేదు. ఈ మాత్రం వాడకానికి హైబ్రిడ్‌తో మిగిలేది నెలకు 1,300 రూపాయలు. 4 లక్షల తేడా ఎప్పటికి పూడుతుందో మీరే చూసుకోండి. మామూలు పెట్రోల్ కారు తీసుకోండి. ‘మైల్డ్ హైబ్రిడ్’ అని చూపించి ఊరిస్తే దానికోసం పైసా ఎక్కువ పెట్టకండి. అందులోని చిన్న మోటారు ఇంజనుకు చేయి అందిస్తుందే తప్ప కారును ఒంటరిగా నడపలేదు. రెండో అంతస్తు నుంచి వైరు కిందికి వేలాడదీసి ఎలక్ట్రిక్ కారు చార్జ్ చేద్దామన్న ఆలోచన ఉంటే మాత్రం దయచేసి మానుకోండి.

ప్రశ్న: వనపర్తిలో నాలుగేళ్ల ఎలక్ట్రిక్ కారు అమ్మకానికి వచ్చింది. 30 యూనిట్ల బ్యాటరీ. పూర్తి చార్జింగ్‌కు డ్యాష్‌బోర్డు 210 కిలోమీటర్లు చూపిస్తోంది. బ్యాటరీ బాగుందని నమ్మవచ్చా?

జవాబు: ఆ 210ని పట్టించుకోకండి. నిన్నమొన్న కారును ఎలా నడిపారో చూసి కంప్యూటర్ వేసే అంచనా అది. మీరే ఒక పరీక్ష చేయండి. పూర్తిగా చార్జ్ చేసి, ట్రిప్ మీటరును సున్నా చేసి, చార్జింగ్ 60 శాతానికి దిగేదాకా నడపండి. 80 కిలోమీటర్లు వచ్చి, సగటు వాడకం కిలోమీటరుకు 130 వాట్ అవర్స్ చూపించిందనుకుందాం. వెయ్యి వాట్ అవర్స్ ఒక యూనిట్ కాబట్టి ఖర్చయింది 10.4 యూనిట్లు. అది 40 శాతం కాబట్టి మొత్తం 26. కొత్తలో 30 కదా, అంటే 87 శాతం సత్తువ మిగిలి ఉంది. నాలుగు ఎండాకాలాలు చూసిన బండికి అది మంచి అంకే. ఏసీ వేసినా, తొందరగా నడిపినా ఈ లెక్క పెద్దగా మారదు, ఎందుకంటే ఆ వాడకం సగటులో ఎలాగూ కలుస్తుంది. 75 కంటే తక్కువ వస్తే గట్టిగా బేరమాడండి, లేదా వదిలేయండి.

సర్వీస్ సెంటర్ నుంచి బ్యాటరీ ఆరోగ్య నివేదిక కాగితం మీద తీసుకోండి. బ్యాటరీ వారంటీ చాలా కార్లకు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు ఉంటుంది. అది రెండో యజమానికి బదిలీ అవుతుందో లేదో అక్కడే అడగండి. డబ్బు చేతులు మారే రోజున పాత యజమాని ఫోన్లోని కారు యాప్ నుంచి ఆయన ఖాతాను మీ ఎదుటే తీసేయించండి. అది మిగిలిపోతే కారు ఎక్కడుందో ఆయన చూడగలరు, కొన్ని మోడళ్లలో తలుపులు కూడా తెరవగలరు.