వజ్రం కాచడమా, వండడమా?

సందేహం: వడ్రంగులు వాడే తోలు జిగురును మా పెద్దలు 'వజ్రం' అంటారు. 'వజ్రం కాచడం' సరా, 'వజ్రం వండడం' సరా? రత్నం పేరు జిగురుకెలా వచ్చింది? వీణ మెట్లు నిలిపేదాన్ని కూడా వజ్రం అనవచ్చా? – ఒక పాఠకుడు, బొబ్బిలి

సమాధానం: పేరు రత్నం నుంచి వచ్చింది కాదు. వజ్రమంటే మొదట పగలనిది, గట్టిది. ఇంద్రుడి ఆయుధానికైనా రత్నానికైనా ఆ గుణం వల్లే ఆ పేరు. జిగురుకు శాస్త్రాల్లో ఉన్న పేరు వజ్రలేపం. పనివాళ్ల నోట 'లేపం' రాలిపోయి వజ్రం మిగిలిందని నా నమ్మకం.

ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రలేపానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. గుళ్లకూ ప్రతిమలకూ గోడలకూ బావులకూ దీన్ని వేడివేడిగా పట్టించాలంటాడు. మొదటి పాకంలో తుమికి కాయలు, వెలగ కాయలు, బూరుగు పూలు, వస వంటివి నీళ్లలో మరిగించి ఎనిమిదో వంతుకు దించి, గుగ్గిలం, నల్లజీడి, మారేడు లాంటివి కలపమన్నాడు. రెండో పాకంలోనూ తోలు లేదు. కొమ్ములు, గాడిద వెంట్రుకలు, గేదె తోలు, ఆవు తోలు, వేప, వెలగ రసాలు చేరిన పాకానికి మాత్రం వజ్రతరం అని పేరు పెట్టాడు. 'ఇంకా గట్టిది' అని! పన్నెండో శతాబ్దంలో చాళుక్య సోమేశ్వరుడు మానసోల్లాసంలో చెప్పిన వజ్రలేపమైతే అచ్చంగా తోలుదే. పచ్చి గేదె తోలును వెన్నలా మెత్తబడేదాకా నీళ్లలో కాచి, పుల్లలుగా చేసి ఎండబెట్టి, కావలసినప్పుడు వేణ్నీళ్లలో కరిగించి రంగుల్లో కలపమన్నాడు. మీ పెద్దల మాట వెనక ఇంత సంప్రదాయం ఉంది.

ఇక క్రియ. పాలు కాస్తాం, నెయ్యి కాస్తాం, చలి కాచుకుంటాం. సెగ అదుపులో ఉండడమే 'కాచు'కు ప్రాణం. వజ్రానికి సరిగ్గా అదే కావాలి. తోలు ముక్కలను కొన్ని వారాలు సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, సున్నం వాసన పోయేదాకా కడిగి, తెర్లనివ్వకుండా 60, 70 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచితే జిగురు నీళ్లలోకి దిగుతుంది. తొలి కాపులో దిగినదే బలమైనది. తరవాతి కాపులకు వేడి పెంచాలి, బలం తగ్గుతుంది. వడగట్టి, పేరుకున్నాక బిళ్లలు కోసి, వల మీద నీడలో గాలికి ఆరబెడతారు. శ్రీకాకుళం తీరపు వానాకాలం గాలికి ఆరకముందే బూజు పడుతుంది, అందుకే పొడి రోజులు చూసుకోవాలి.

వాడుకునేటప్పుడు చేసేది కాచడం కాదు, కరిగించడం. ఒక వంతు బిళ్లలకు ఒకటిన్నర నుంచి రెండు వంతుల చన్నీళ్లు పోసి, కొన్ని గంటలు ఉబ్బనిచ్చి, ఆ గిన్నెను వేణ్నీళ్ల గిన్నెలో దించి 60 డిగ్రీల దగ్గర కరిగించాలి. కుంచె ఎత్తితే తెగని ధారగా జారాలి. ముద్దగా పడితే చిక్కన, చుక్కలుగా తెగితే పలచన. మరిగిందంటే దాని పొడవాటి పోగులు తెగి పట్టు పోతుంది. చెక్క చల్లగా ఉంటే నిమిషంలోపే పేరుకుపోయి అతుకు పట్టదు. కాబట్టి చెక్కను ముందు వెచ్చబెట్టి, పూసిన వెంటనే బిగించి, రాత్రంతా వదిలేయాలి.

మీ వైపు బెల్లం వండుతారు కదా, వజ్రం వండితే తప్పేమిటని ఎవరైనా అడగవచ్చు. బెల్లప్పాకం కుతకుత ఉడకాలి, వజ్రం ఉడికితే చెడుతుంది. నేనైతే 'కాచడం' అంటాను. పనివాళ్లు 'వండడం' అంటే తప్పని కొట్టిపారేయను. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి వాడుక మాట కోసం అంత పోరాడాక, పనివాడి మాటను పండితుడు దిద్దడం న్యాయం కాదు.

దిద్దవలసింది మరొకటి ఉంది. తుమ్మబంకైనా మైదా ఉడికించిన జిగురైనా తోలు వజ్రమైనా అన్నింటినీ 'గమ్' అనేస్తున్నారు, లేదంటే 'ఫెవికాల్'! చెట్టుది బంక, తోలుది వజ్రం. ఇన్ని మాటలుండగా ఒక్క కంపెనీ పేరుతో సరిపెట్టుకోవడం భాషకు నష్టం. తోలు జిగురుకే మరో పేరైన 'సరేసు' పారసీ నుంచి హిందుస్తానీ మీదుగా వచ్చింది; నిరభ్యంతరంగా వాడుకోవచ్చు.

వీణ మెట్లను నిలిపేది మాత్రం మైనం. మెట్టు స్థానం సవరించాలంటే వెచ్చబెడితే చాలు, మెత్తబడుతుంది. దాన్ని వజ్రం అనకండి.