పంపు వేగం తగ్గితే ముందు పంపును విప్పొద్దు

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

నీ కంప్యూటరును చల్లబరిచే నీళ్ళను తిప్పే డీ5 పంపు ఇదివరకు 4,700 ఆర్‌పీఎమ్ (నిమిషానికి చుట్లు) చూపించేదనీ, ఇప్పుడు 2,900 దగ్గర ఆగిపోతోందనీ, కొత్తది ఆర్డరు పెట్టేయనా అనీ రాశావు. అప్పుడే వద్దు. ఈ రకం పంపులు అంత తేలిగ్గా పోవు.

ముందు ఒక తేడా తెలుసుకో. ఆర్‌పీఎమ్ వేరు, నీటి ప్రవాహం వేరు. లూపులో (నీళ్ళు తిరిగే దారిలో) చెత్త అడ్డుపడితే ఆర్‌పీఎమ్ తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. ఇది చక్రం తిప్పి నీళ్ళను బయటికి విసిరే సెంట్రిఫ్యూగల్ పంపు కాబట్టి అలా జరగదు. దారి మూసుకుపోతే ఆ చక్రం, అంటే ఇంపెల్లర్, నెట్టాల్సిన నీళ్ళు తగ్గి మోటారు మీద భారం తగ్గుతుంది. అంకె ఉన్నచోటే ఉంటుంది, లేదా కాస్త పెరుగుతుంది. గాలి పట్టినా అంతే. అంకె పడిపోయిందంటే మాత్రం చూడాల్సినవి మూడే: పంపుకి అందే సిగ్నల్, అందే కరెంటు, లోపలి రాపిడి. నీది ఈ కోవలోదే.

ఎక్కువసార్లు తప్పు సిగ్నల్ దగ్గరే ఉంటుంది. ఈమధ్య బయోస్ (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల ప్రోగ్రామ్) అప్‌డేట్ చేశావా? చేస్తే సెట్టింగులన్నీ మొదటికి వచ్చి, పంపు హెడర్ (మదర్‌బోర్డు మీద పంపు తీగ గుచ్చే చోటు) మళ్ళీ ఫ్యాన్ కర్వ్ మీదికి, అంటే వేడిని బట్టి వేగం మార్చే సెట్టింగు మీదికి, వెళ్ళిపోతుంది. సీపీయూ చల్లగా ఉన్నంతసేపూ మదర్‌బోర్డు దాన్ని ఫ్యానే అనుకుని నెమ్మదిగా తిప్పుతుంది. బయోస్‌లోకి వెళ్ళి ఆ హెడర్‌ను ఆటో నుంచి పీడబ్ల్యూఎమ్‌కి (సిగ్నల్‌తో వేగం చెప్పే పద్ధతికి) మార్చి, 100 శాతం దగ్గర కట్టేసి, అంకె అక్కడే చూడు. విండోస్‌లోకి వచ్చాక చూస్తే లైటింగ్ సాఫ్ట్‌వేరో, ఫ్యాన్ సాఫ్ట్‌వేరో తన కర్వ్ రుద్దుతుంది, దాంతో అసలు దోషం ఎక్కడుందో తేలదు. 100 శాతం దగ్గర 4,600 దాటితే పంపు శుభ్రంగా ఉన్నట్టే. తర్వాత 60, 70 శాతం దగ్గర స్థిరంగా పెట్టుకో. పంపుకి కర్వ్ అక్కర్లేదని నా అభిప్రాయం. వేగం మాటిమాటికీ మారితే చప్పుడే తప్ప లాభం లేదు.

వెనక 1 నుంచి 5 దాకా గుండ్రటి నాబ్ ఉన్న వేరియో రకమైతే బయోస్ మాట అది వినదు. క్యాబినెట్ తుడుస్తున్నప్పుడు ఆ నాబ్ తిరిగిందేమో చూసుకో.

అప్పటికీ అంకె పెరగకపోతే కరెంటు చూడాలి. డీ5 నిండు వేగంలో 20 వాట్లకు పైనే తాగుతుంది. మామూలు ఫ్యాన్ హెడర్ ఇవ్వగలిగింది 1 ఆంపియర్, అంటే 12 వాట్లు. అందుకే దీని కరెంటు ఎస్‌ఎమ్‌పీఎస్ (కంప్యూటరుకి కరెంటిచ్చే పెట్టె) నుంచి వచ్చే సాటా లేదా మోలెక్స్ తీగలోంచే రావాలి. మదర్‌బోర్డుకి వెళ్ళేవి సిగ్నల్ తీగ, వేగం చెప్పే తీగ మాత్రమే. మోలెక్స్ పిన్నులు వదులవడం మామూలే. పంపు నడుస్తుండగానే మల్టీమీటరుతో పసుపు, నలుపు తీగల మధ్య కొలువు. 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య ఉండాలి. తక్కువుంటే స్ప్లిట్టర్లు పీకేసి, ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి వేరే కేబుల్ నేరుగా ఇచ్చి చూడు.

ఈ రెండూ సరిగ్గా ఉంటేనే పంపు విప్పు. సిస్టమ్ ఆపి, ప్లగ్గు పీకి, నీళ్ళు తీసేసి, టాప్ స్క్రూలు విప్పాక ఇంపెల్లర్‌ను వేళ్ళతో నిటారుగా పైకి లాగు. అయస్కాంతం పట్టి ఉంచుతుంది, కాస్త బలం కావాలి. దాని కింద చిన్న సిరామిక్ గోళీ కనిపిస్తుంది, ఇంపెల్లర్ మొత్తం దానిమీదే తిరుగుతుంది. దాని చుట్టూ జిగురో, ఇసకలాంటి నలుసో, ఇంపెల్లర్ గుంటలో గీతలో ఉన్నాయేమో చూడు. మెత్తటి టూత్‌బ్రష్, గిన్నెలు తోమే సబ్బు, డిస్టిల్డ్ వాటర్ చాలు. అక్రిలిక్ టాప్‌ను మాత్రం ఆల్కహాల్‌తో తుడవకు, సన్నటి పగుళ్ళు వస్తాయి. గుంట అరిగిపోయి ఉంటే, లేదా శుభ్రం చేశాక కూడా అంకె పెరగకపోతే, అప్పుడు కొత్త పంపు కొను.

విప్పావు కాబట్టి సీపీయూ బ్లాకు (సీపీయూ మీద కూర్చుని దాని వేడిని నీళ్ళకిచ్చే దిమ్మ) కూడా చూసెయ్. అందులో రాగి రెక్కల మధ్య సందు మిల్లీమీటరులో నాలుగో వంతు అటూఇటూగా ఉంటుంది, కాబట్టి లూపులోని చెత్తంతా చేరేది అక్కడే. తెల్లటి మైనంలాంటి పొర కనిపిస్తే అది పారదర్శకమైన పీవీసీ ట్యూబ్‌లోంచి కారిన ప్లాస్టిసైజర్ (ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే రసాయనం). బ్రష్‌తో పోతుంది గానీ ట్యూబ్ మార్చకపోతే మళ్ళీ వస్తుంది. నల్లటి ఈపీడీఎమ్ రబ్బరు ట్యూబ్‌తో ఈ బెడద ఉండదు. రంగు ముద్దలుగా ఉంటే పాల రంగు కూలెంట్‌దే ఆ నిర్వాకం. ఫొటోలకు తప్ప అది దేనికీ పనికిరాదు.

ఫ్లో మీటరు లేకున్నా ప్రవాహం అంచనా వేయొచ్చు. నిమిషానికి ఒక లీటరు పారే నీరు ఒక్కో డిగ్రీ పెరుగుదలకు సుమారు 70 వాట్ల వేడిని మోసుకెళ్తుంది. సీపీయూ, గ్రాఫిక్స్ కార్డు కలిపి 300 వాట్లు వదులుతుంటే, బ్లాకులకు ముందూ వెనకా పెట్టిన రెండు నీటి సెన్సర్ల మధ్య తేడా 1 డిగ్రీ ఉంటే 4 లీటర్లకు పైనే పారుతున్నట్టు. 4 డిగ్రీలు దాటితే లీటరుకు కాస్త అటూఇటూ, అంటే ఎక్కడో అడ్డం ఉన్నట్టు.

తిరిగి నింపేటప్పుడు కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు వద్దు. ఇంట్లో ఆర్వో నీళ్ళలో కూడా లవణాలు మిగిలే ఉంటాయి. ఇన్వర్టర్ బ్యాటరీలకు అమ్మే నీళ్ళు కొంటే టీడీఎస్ మీటరు (నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచేది) సున్నా దగ్గర చూపించాలి. యాసిడ్ కలిపిన డబ్బా పొరపాటున తేకు. ఆల్గే రాకుండా బయోసైడ్, తుప్పు పట్టకుండా ఇన్హిబిటర్ డబ్బా మీద రాసిన మోతాదులోనే కలుపు. ఓ-రింగ్ గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూసి టాప్ బిగించు.

నింపేటప్పుడు పంపుకి తప్ప ఇంక దేనికీ కరెంటు ఇవ్వకు. ఎస్‌ఎమ్‌పీఎస్ 24 పిన్నుల కేబుల్‌ను మదర్‌బోర్డు నుంచి తీసి, దాని కొసకు జంపర్ (మదర్‌బోర్డు లేకుండానే ఎస్‌ఎమ్‌పీఎస్‌ను ఆన్ చేసే చిన్న ప్లగ్గు) పెట్టి ఆన్ చెయ్యి. రిజర్వాయర్‌లో నీళ్ళు పంపు నోటి కిందికి దిగుతుంటే వెంటనే ఆపి నింపు; ఆ గోళీకి కూలెంటే కందెన, పొడిగా తిరిగితే కాసేపట్లోనే దెబ్బతింటుంది. నీళ్ళు నిండాక క్యాబినెట్‌ను అటూఇటూ వంచుతూ, పంపు ఆపి వేస్తూ ఉంటే బుడగలు పైకొస్తాయి. ప్రతి ఫిట్టింగ్ కిందా టిష్యూ పేపర్ పెట్టి రాత్రంతా అలాగే నడవనివ్వు. పొద్దున పేపర్లు పొడిగా ఉంటే మదర్‌బోర్డు కేబుల్ పెట్టుకో. ఒక్కటి తడిసినా ఆ ఫిట్టింగ్ విప్పి ఓ-రింగ్ మార్చి మళ్ళీ ఒక రాత్రి ఆగు.

బయోస్ స్క్రీన్ ఫొటో పంపించు, పంపు హెడర్ పేజీ ఒక్కటే చాలు.

మావయ్య