కాకినాడ బేలో ప్లవకాల ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ చివరి ఏడాదిలో ఉంది. ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీలో చేరి, కాకినాడ బేలో వృక్ష ప్లవకాలు (నీటిలో తేలియాడే సూక్ష్మ మొక్కలు) కాలాన్ని బట్టి ఎలా మారతాయో ప్రాజెక్టు చేస్తానంటోంది. ఉపాధి ఉంటుందా? – ఒక తండ్రి, తాళ్లరేవు

జవాబు: ఉంటుందండీ. అయితే పట్టా ఒక్కటే చాలదు, మైక్రోస్కోపులో కణం చూసి అది ఏ ప్లవకమో, కీటోసెరాసో స్కెలెటోనీమానో తేల్చే చెయ్యి కావాలి.

అంశం మంచిదే, చిక్కంతా వ్యవధితోనే. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి పాయ గౌతమి వరద పోషకాలు దండిగా తెస్తుంది, కానీ బురదనీటిలోకి వెలుతురు దిగదు. వరద తగ్గి నీరు తేటపడ్డాకే వృక్ష ప్లవకాల్లో ఒక రకమైన డయాటమ్‌లు విజృంభిస్తాయి. ఎండాకాలం ఉప్పదనం పెరిగితే జాతులు మళ్లీ మారతాయి. ఒక్క సెమిస్టరులో ఇదంతా పట్టదు. మొదటి ఏడాదే నమూనాలు మొదలుపెట్టాలి, లేదంటే 'వరదకు ముందు, తర్వాత' అని అంశాన్ని కుదించుకోవాలి. నేనైతే రెండోదే చేయమంటాను.

నమూనాలు పదిహేను రోజులకోసారి, ప్రతిసారీ ఆటుపోటులో ఒకే దశలో తీయాలి. ఒకసారి పోటులో, ఇంకోసారి ఆటులో తీస్తే రుతువుల తేడా కాదు, ఆటుపోట్ల తేడా కనిపిస్తుంది. ప్లవకాలు పట్టే వల ఒక్కదాన్నే నమ్మితే సన్నకణాలు జారిపోతాయి. లీటరు నీళ్లు పట్టి, పల్చటి టీ డికాషన్ రంగు వచ్చేదాకా కణాలు చెడకుండా ఉంచే లూగోల్ అయోడిన్ ద్రావణం కలపాలి. 48 గంటలు కదపకుండా పేరనిచ్చి, పైనీరు సైఫన్‌తో తీసేసి, పది మి.లీ.కు కుదించి, ఒక మి.లీ. పట్టే సెడ్జ్‌విక్ రాఫ్టర్ గదిలో (మైక్రోస్కోపు కింద పెట్టే లెక్కింపు పలకలో) కణాలు లెక్కించాలి. సీసా వెలుతురులో పెడితే అయోడిన్ రంగు పోయి నమూనా పాడవుతుంది, వారం వారం చూసుకోవాలి. క్లోరోఫిల్ (పత్రహరితం) కొలిచేందుకు వడగట్టిన ఫిల్టరునూ చీకట్లోనే ఉంచాలి.

ఆంధ్రా యూనివర్సిటీలో సీటుకు పీజీ ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్, కొచ్చిలోని కుసాట్ యూనివర్సిటీకి వాళ్ల సొంత పరీక్ష రాయాలి. పరిశోధన వైపైతే విశాఖలో ఎన్ఐఓ (జాతీయ సముద్ర అధ్యయన సంస్థ), సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రాలు, హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం) ఉన్నాయి. వీటిలో మొదట దొరికేవి ఎక్కువగా ప్రాజెక్టు కొలువులే, ప్రాజెక్టు ముగిస్తే కొలువూ ముగుస్తుంది. అందుకే సీఎస్ఐఆర్ నెట్ (పరిశోధన ఫెలోషిప్, లెక్చరర్ అర్హత పరీక్ష) వదలొద్దు. అందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం.

తొందరగా జీతం కావాలంటే రొయ్యల హ్యాచరీలు (రొయ్య పిల్లలు పుట్టించే కేంద్రాలు). జోయియా అనే తొలి లార్వా దశ పిల్లలకు కీటోసెరాస్, థలాసియోసిరా మేపుతారు, ఆ పెంపకం చూసే ఆల్గే టెక్నీషియన్ వాళ్లకు తప్పనిసరి. తొట్టిలోకి సిలియేట్లు (ఆల్గేను తినేసే ఏకకణ జీవులు) చొరబడితే మేత మొత్తం పారబోయాల్సిందే. వాటిని మొదట్లోనే గుర్తుపట్టేవాళ్లకు అక్కడ గిరాకీ. వేసవి సెలవుల్లో ఒక నెల అక్కడ పనికి పంపి చూడండి, తనకు నప్పుతుందో లేదో తేలిపోతుంది.