ప్రపంచ మతాలు చదవబోయే చిరంజీవికి: ముందు పటం, తర్వాతే పట్టిక

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. ప్రపంచ మతాలు, సాంస్కృతిక భూగోళం కలిపి చదవబోతున్నావని తెలిసి చాలా సంతోషమైంది. మొదలుపెట్టే తీరులోనే ఈ సబ్జెక్టు సగం వస్తుంది, సగం పోతుంది. అందుకే ముందుగానే రాస్తున్నాను.

చాలామంది మొదటి రోజే ఒక పట్టిక గీస్తారు. స్థాపకుడు, గ్రంథం, దేవుడు, ప్రార్థనా స్థలం, పండుగ అని గడులు పెట్టి నింపుకుంటూ పోతారు. నువ్వు ఆ పని చెయ్యకు. హిందూమతానికి ఒకే స్థాపకుడు లేడు. జపాన్ వారి షింటోకి బైబిల్ లాంటి ఒకే మూలగ్రంథం లేదు. బౌద్ధంలోని పాత శాఖ అయిన థేరవాదంలో సృష్టికర్తకు చోటే లేదు. గడి ఖాళీగా కనబడితే ఆ మతంలో ఏదో లోటున్నట్టు అనిపిస్తుంది గానీ, లోటు ఉన్నది పట్టికలో. దాని బదులు ప్రతి మతాన్నీ మూడు ప్రశ్నలు అడుగు: ఎక్కడ పుట్టింది, ఎవరి వెంట ఏ దారిన కదిలింది, ఇప్పుడు ఎక్కడ ఉంది? ఈ మూడూ పటం మీద గీసినప్పుడే బుర్రకెక్కుతాయి.

ఒక డజను ఖాళీ ప్రపంచ పటాలు ఏ3 సైజులో తెచ్చుకో. మెర్కేటర్ పటం వద్దు. ఆఫ్రికా గ్రీన్లాండ్ కంటే దాదాపు 14 రెట్లు పెద్దది, ఆ పటంలో మాత్రం రెండూ ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. విస్తీర్ణాల నిష్పత్తి సరిగ్గా చూపే పటాన్ని ఎంచుకో. మూడు రంగు పెన్సిళ్లు చాలు: పుట్టిన చోటికి ఎరుపు, దారులకు నీలం, నేటి ఉనికికి ఆకుపచ్చ. స్కెచ్ పెన్నులు వాడకు, చెరపాల్సిన సందర్భాలు చాలా వస్తాయి. ఒక పటానికి ఒకే మతం. బాణాలు ఎనిమిది దాటకూడదు, ప్రతి బాణం మీదా శతాబ్దం రాయాలి. శతాబ్దం తెలియని బాణం గీయకు.

బౌద్ధంతో మొదలుపెట్టు. కదలిక అంటే ఏమిటో ఇది చూపినంత బాగా మరేదీ చూపదు. లుంబిని, బుద్ధగయ, సారనాథ్, కుశీనగర్ దగ్గర ఎర్ర చుక్కలు పెట్టు. అశోకుడి కాలంలో, అంటే క్రీ.పూ. 3వ శతాబ్దంలో, శ్రీలంకకు ఒక బాణం. గాంధారం (నేటి పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ ప్రాంతం) మీదుగా సిల్క్ రోడ్డు వెంట చైనాకు మరొకటి, క్రీ.శ. 1వ శతాబ్దం. చైనా నుంచి కొరియాకు 4వ శతాబ్దం, కొరియా నుంచి జపాన్‌కు 6వ శతాబ్దం, టిబెట్‌కు 7వ శతాబ్దం. ఇప్పుడు ఆకుపచ్చ వెయ్యి. థాయిలాండ్, మయన్మార్, కంబోడియా, శ్రీలంక, భూటాన్ నిండుతాయి. ఎర్ర చుక్కలున్న గంగా మైదానం దాదాపు ఖాళీగా మిగులుతుంది. పుట్టిన చోటు ఒకటి, బతుకుతున్న చోటు ఒకటి. ఈ ఒక్క పటం సరిగా గీస్తే క్రైస్తవం పటం సగం అర్థమైనట్టే.

తర్వాత హిందూమతం పటం తీసుకో. ఇక్కడ ఎరుపు, ఆకుపచ్చ చాలావరకు ఒకదాని మీద ఒకటి పడతాయి. అయితే దూరంగా కొన్ని మచ్చలు మిగులుతాయి: బాలి, మారిషస్, గయానా, ట్రినిడాడ్, సురినామ్, ఫిజీ. వీటన్నిటినీ ఒకే బాణంతో కలిపేస్తే తప్పు. బాలికి వెళ్లింది పాతకాలపు వర్తకం, రాజాస్థానాల వెంట. మిగతావాటికి వెళ్లింది 19వ శతాబ్దంలో ఒప్పంద కూలీల వెంట: మారిషస్‌కు 1834, గయానాకు 1838, ట్రినిడాడ్‌కు 1845, సురినామ్‌కు 1873, ఫిజీకి 1879. పటం మీద ఒకే రంగు మచ్చలైనా వాటి వెనక కారణాలు వేరు. భూగోళం చదివేది ఆ తేడా పట్టుకోవడానికే.

పుస్తకాల్లో రెండు రకాలు చెబుతారు: అందరినీ పిలిచే సార్వత్రిక మతాలు, ఒక జాతితోనో నేలతోనో ముడిపడిన జాతి మతాలు. విభజన పనికొస్తుంది, కానీ దాన్ని గోడలా చూడకు. యూదులు క్రీ.శ. 70లో జెరూసలేం ఆలయం కూలకముందే పలు దేశాల్లో ఉన్నారు, ఆ తర్వాత ఇంకా చెదిరిపోయారు. అయినా యూదుమతం జాతి మతమే. ఎన్ని దేశాల్లో ఉందన్నదాన్ని బట్టి రకం తేలదు. సిక్కుమతాన్ని ఏ వైపు పెట్టాలో పండితులకే ఏకాభిప్రాయం లేదు, నువ్వూ గీత మీదే ఉంచు.

వ్యాప్తి ఎలా జరిగిందన్న చోట కారణం రాయకపోతే మార్కులు పోతాయి. ఇస్లాం ఆగ్నేయాసియాకు ప్రధానంగా వర్తకుల వెంట వెళ్లింది. ఋతుపవనాల గాలి దిశ మారేదాకా ఓడలు నెలల తరబడి రేవుల్లో ఆగేవి. వర్తకులు అక్కడే పెళ్లిళ్లు చేసుకుని స్థిరపడ్డారు. మలయ్ ద్వీపకల్పంలోని రేవు రాజ్యం మలక్కా పాలకుడు 15వ శతాబ్దంలో ఇస్లాం స్వీకరించాక అది పైనుంచి కిందికీ పాకింది. రోమ్ విషయంలో విద్యార్థులు తరచూ పొరబడతారు: 313లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి చేసింది క్రైస్తవాన్ని అనుమతించడం, రాజ్యమతం చేసింది 380లో థియోడోసియస్ చక్రవర్తి.

అంకెల దగ్గర జాగ్రత్త. ప్రతి అంకె కిందా ఏ సంవత్సరం, ఎవరు లెక్కించారు, ఏ ప్రశ్న అడిగారు అని మూడు మాటలు రాసుకో. ఫ్రాన్స్ జనగణనలో మతం అడగరు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2001 నుంచి అడుగుతున్నారు, జవాబివ్వడం ఐచ్ఛికం. జపాన్‌లో మతసంస్థలు చెప్పే సభ్యుల సంఖ్యలు కూడితే దేశ జనాభాను దాటిపోతుంది, ఎందుకంటే ఒకే మనిషిని షింటో మందిరమూ లెక్కిస్తుంది, బౌద్ధ ఆలయమూ లెక్కిస్తుంది. అది తప్పుడు లెక్క కాదు. 'మనిషికి ఒకే మతం' అన్న మన ఊహే అక్కడ సరిపోదు.

దేశం మొత్తానికి ఒకే రంగు వెయ్యడం ఇంకో ఉచ్చు. ఇండోనేషియా అంతా ఒక రంగైతే బాలి మాయమవుతుంది. నైజీరియాలో ఉత్తరాన ముస్లింలు, దక్షిణాన క్రైస్తవులు ఎక్కువ, ఏ ఒక్క రంగూ నిజం చెప్పదు. చుక్కల పద్ధతి వాడు, 50 లక్షల మందికి ఒక చుక్క చొప్పున. యూదులు సుమారు కోటిన్నర మంది కాబట్టి ప్రపంచమంతటికీ మూడే చుక్కలు వస్తాయి. చిన్న మతాలకు వేరే పటం తీసుకుని లక్షకు ఒక చుక్క పెట్టు. అరబ్బులంతా ముస్లింలనీ, ముస్లింలంతా అరబ్బులనీ అనుకునే పొరపాటు కూడా ఈ పటంతోనే పోతుంది. ముస్లింలు అత్యధికంగా ఉన్న ఇండోనేషియా, పాకిస్తాన్, భారత్, బంగ్లాదేశ్‌లలో ఒక్కటీ అరబ్ దేశం కాదు. ఈజిప్టులో కాప్టులు, లెబనాన్‌లో మెరోనైట్లు క్రైస్తవులు.

కట్టడాల ఫొటోలు నిదానంగా చూడు. ఇస్తాంబుల్‌లోని హగియా సోఫియా లోపలి ఫొటో ఒకటి పెద్దదిగా తెరిచి, తూర్పు చివరనున్న అర్ధవలయపు గోడ చూడు. 537లో చర్చిగా కట్టినప్పుడు భవనం మొత్తం తూర్పు, ఆగ్నేయాల మధ్య దిశకు ముఖంగా పెట్టారు. 1453లో మసీదయ్యాక మక్కా దిశ చూపే గోడ గూడు, అంటే మిహ్రాబ్, పెట్టాలి, కానీ మక్కా ఇంకా దక్షిణానికి ఉంది. అందుకే మిహ్రాబ్ నడిమధ్యన లేదు, కాస్త కుడికి జరిగి ఉంటుంది. భవనం అక్షం ఒక మతానిది, మిహ్రాబ్ కోణం మరో మతానిది. ఆ రెండింటి మధ్య తేడాలో తొమ్మిది శతాబ్దాలు కనిపిస్తాయి. 1934 నిర్ణయంతో అది మ్యూజియమైంది, 2020లో మళ్లీ మసీదైంది. ఆంకోర్‌వాట్‌ను కూడా ఇలాగే చూడు, 12వ శతాబ్దంలో విష్ణువుకు కట్టింది తర్వాత బౌద్ధ క్షేత్రమైంది.

పండుగలకు నెల పేరు బట్టీ పట్టకు. ఇస్లాం చాంద్రమాన కేలండరైన హిజ్రీలో సంవత్సరానికి 354 లేదా 355 రోజులు కాబట్టి రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకొస్తుంది. యూదుల కేలండర్ 19 ఏళ్లలో 7 అధికమాసాలు కలిపి ఋతువు జారకుండా చూసుకుంటుంది.

ఎవరినైనా కలిసి మాట్లాడే అవకాశం వస్తే, ఏం నమ్ముతారని అడిగే ముందు ఏం చేస్తారని అడుగు. చాలా సంప్రదాయాల్లో నమ్మకం కంటే ఆచారమే ముందుంటుంది, జనం దాని గురించే తేలిగ్గా చెప్పగలరు. ఫొటోకు అనుమతి తీసుకో. నోట్సులో 'బౌద్ధులు ఇలా చేస్తారు' అని రాయకు, ఏ శాఖవారు, ఏ ఊళ్లో, ఏ సందర్భంలో అన్నది చేర్చు. పోల్చేటప్పుడు గ్రంథాన్ని గ్రంథంతో, ఆచరణను ఆచరణతో పోల్చు. ఒకరి గ్రంథంలోని ఆదర్శాన్ని మరొకరి వీధిలోని తప్పుతో పోల్చడం అన్యాయం. ఈ ఒక్క విషయంలో మాత్రం అస్సలు రాజీపడకు.

మొదటి వారం బౌద్ధం, రెండో వారం హిందూమతం, ఆ తర్వాత ఇస్లాం పటాలు గియ్యి. ఇస్లాంకు మొదటి బాణం 622 నాటి హిజ్రా, అంటే ముహమ్మద్ ప్రవక్త మక్కా నుంచి మదీనాకు తరలివెళ్లడం. బౌద్ధం పటం పూర్తయ్యాక ఫొటో తీసి పంపు, శతాబ్దాలు సరిచూసి చెబుతాను.

ఇట్లు,
నీ మేలు కోరే
తాతయ్య