‘మీ ఒక్కరికే’ అన్నప్పుడు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పనిచేసే డెలివరీ యాప్‌లో నీ ఐడీ ఆపేశారనీ, ఎందుకని అడిగితే ‘సిస్టమ్ నిర్ణయం’ అని ఒక్క మెసేజ్ పెట్టి ఊరుకున్నారనీ రాశావు. తోటివాళ్లని కూడగట్టి మీటింగ్ పెడతానన్నావు, సంతోషం. కానీ నీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ‘నేనే ఏదో తప్పు చేసుంటాను’ అన్నావు. ఇరవై ఏళ్ల యూనియన్ పనిలో ఆ మాట ఎంతమంది నోట విన్నానో.

బ్రిటన్‌లో చిన్న చిన్న పోస్టాఫీసులు నడిపేవాళ్లు కూడా ఇలాగే అనుకున్నారు. హొరైజన్ అనే కంప్యూటర్ సిస్టమ్ వాళ్ల లెక్కల్లో డబ్బు తగ్గినట్టు చూపించేది. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే ‘ఈ సమస్య మీ ఒక్కరికే వచ్చింది’ అని చాలామందికి చెప్పారు. పరువు పోతుందని ఎవరికి వాళ్లు నోరు మూసుకుని, సొంత డబ్బు కట్టారు. డబ్బు కాజేశారనీ, లెక్కలు తారుమారు చేశారనీ 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. 2009లో ఫెన్నీ కాంప్టన్ అనే పల్లెలో, ఊరి హాల్లో కొందరు కూర్చుని ఒకరి గోడు ఒకరు విన్నారు. ఆ తర్వాత పదేళ్లకి, 555 మంది కలిసి వేసిన కేసులో, ఆ సిస్టమ్‌లో లోపాలున్నాయని కోర్టు తేల్చింది. అప్పటికీ న్యాయం నత్తనడకే. 2024 జనవరిలో ఆ కథ టీవీలో నాటకంగా వచ్చాక దేశమంతా మండిపడింది. మే నెలకల్లా శిక్షలు రద్దు చేస్తూ చట్టం వచ్చింది.

అందుకే మీటింగ్‌లో మొదట నీ కథ నువ్వే చెప్పు. నేనొకసారి బోర్డు మీద ‘అల్గారిథం’ (యాప్ నిర్ణయాలు తీసుకునే లెక్క) అని పెద్దక్షరాలతో రాసి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఒక్కరూ నోరు విప్పలేదు. చివరికి ఒకావిడ లేచి, పగిలిన ఫోన్ స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించింది. ‘ఆ రోజు లిఫ్ట్ పనిచెయ్యలేదు. ఆరో అంతస్తుకి మెట్లెక్కి బరువు మోశాను. పదకొండు నిమిషాలు లేటు. మర్నాటి నుంచి ఆర్డర్లు తగ్గిపోయాయి’ అంది. అంతే, వెనక వరసలో ఉన్నవాళ్లంతా ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. నేను చాక్‌పీస్ పక్కన పెట్టేశాను.

ఆ పదకొండు నిమిషాల లాంటివే నీకు కావాలి. తేదీ, టైమ్, స్క్రీన్ మీద పడ్డ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయించు. ‘అన్యాయం జరిగింది’ అంటే పైవాళ్లు తల ఊపి పంపేస్తారు. ఆస్ట్రేలియాలో రోబోడెట్ అని పేరుపడ్డ ప్రభుత్వ పథకం ఏడాది ఆదాయాన్ని 26 పక్షాలకి సమానంగా పంచేసి, కొన్ని నెలలే పని దొరికినవాళ్లు సర్కారు సాయం ఎక్కువ తీసుకున్నారంటూ వాళ్లకి లేని బాకీలు అంటగట్టింది. జనం పాత జీతం స్లిప్పులు తీసి తమకి జరిగింది చెబుతుంటే, తప్పు ఎక్కడుందో లెక్కలు రానివాళ్లకి కూడా అర్థమైంది. 2023లో రాయల్ కమిషన్ ఆ పథకాన్ని గట్టిగా తప్పుపట్టింది.

ఇక జాగ్రత్తల సంగతి. నువ్వు పోగుచేసే కథల చిట్టా ఎవరి చేతికైనా చిక్కితే, అది కూడా నిఘా ఫైలే అవుతుంది. అందుకని పేర్లు వేరే నోట్‌బుక్‌లో రాసుకో, కథలు వేరే చోట పెట్టు. బయటికి చెప్పేటప్పుడు పేరు తీసేస్తే చాలదమ్మా. ఆ గంటలో ఆ వీధిలో పనిచేసింది ఇద్దరే అయితే, టైమ్ చూసి మనిషిని పట్టేస్తారు. కాబట్టి అసలు తేదీ, టైమ్ నీ దగ్గరే ఉంచుకుని, బయట ‘సాయంత్రం పూట’ అను. స్క్రీన్‌షాట్‌లో ఆర్డర్ నంబర్, కస్టమర్ అడ్రస్ కత్తిరించు. చెప్పినవాళ్లకి ఒకసారి చదివి వినిపించి, సరేనంటేనే బయటపెట్టు. వద్దన్నవాళ్లని బతిమాలకు, వాళ్లకి ఇంట్లో ఏం టెన్షన్లున్నాయో మనకి తెలియదు.

కంపెనీ వాళ్లని కూడా అందరి ముందుకి పిలువు. విడిగా రమ్మంటే వెళ్లకు. ఏ వివరాలు చూసి ఐడీ ఆపారు, ఆ నిర్ణయాన్ని మార్చగల మనిషి ఎవరు అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగు. ఆ నిశ్శబ్దం ఇబ్బందిగా ఉంటుంది. నువ్వు మాట్లాడి దాన్ని పూడ్చకు.

మీటింగ్‌కి ముందు, నీ ఐడీ ఆగిన రోజు సంగతి ఒక పేజీలో రాసి నాకు పంపు. పొద్దున ఫోన్ తెరిచింది ఎక్కడ, పక్కన ఎవరున్నారు, మొదట ఎవరికి చెప్పావు, అక్కడి నుంచి మొదలుపెట్టు.

ఇట్లు,
నీ పెదనాన్న