మడ్‌గార్డ్ అంచు ఎందుకు పగులుతోంది?

ప్రశ్న: ఏసీ కోబ్రా నమూనాలో కారు కడుతున్నాం. ముందు మడ్‌గార్డ్ కోసం 1.2 ఎం.ఎం. అల్యూమినియం రేకును ఇసుక సంచి మీద కొడుతుంటే, సగం వంపైనా రాకముందే అంచు పగులుతోంది. ఇంకా మందం రేకు తీసుకోవాలా?
– పాఠకుడు, అంబత్తూర్, చెన్నై

జవాబు: వద్దు. 1.6 తీసుకుంటే చేతులకు శ్రమ, బండికి బరువు పెరుగుతాయే గాని పగులు ఆగదు. ముందు మీ దగ్గరున్నది ఏ రేకో తేల్చుకోండి. ఉత్త ‘అల్యూమినియం షీట్’ అని అడిగితే షాపువాళ్లు ఉన్నదేదో కోసిస్తారు. మీరు అడగాల్సింది 3003 అనే మిశ్రమలోహం, హెచ్14 టెంపర్ (అంటే గట్టిదనం). అనుమానంగా ఉంటే 25 ఎం.ఎం. వెడల్పు ముక్క కోసి, వైస్‌లో బిగించి, పూర్తిగా వెనక్కి మడిచి చూడండి. 3003 అయితే తట్టుకుంటుంది. గట్టి రకమైన 6061 టీ6 అయితే మడత దగ్గరే చిట్లుతుంది. దాన్ని ఈ పనికి వాడకండి.

రేకు సరైనదే అయితే ఎనీలింగ్, అంటే వేడి చేసి మెత్తబరచడం, ఆలస్యమవుతోందన్నమాట. దెబ్బ పడేకొద్దీ అల్యూమినియం గట్టిపడుతుంది. సుత్తి చప్పుడు మారి, దెబ్బ దిగకుండా ఎగిరొస్తోందంటే అక్కడికి ఆపి వేడి చేయాలి. ఇది ఇనుములా ఎర్రబడి హెచ్చరించదు, 650 డిగ్రీల దాపులో ఉన్నట్టుండి జారిపోతుంది. అందుకే మసి పద్ధతి. ఆక్సిజన్ బాగా తగ్గించి, ఎసిటిలీన్ మంటతో రేకుకు పల్చగా మసి పట్టించండి. తర్వాత ఆక్సిజన్ పెంచి, న్యూట్రల్ మంటతో (రెండు గ్యాసులూ సరితూగిన మంట) టార్చ్‌ను ఒకచోట నిలపకుండా తిప్పండి. మసి పోయిన చోట వేడి చాలినట్టే, వెంటనే పక్కకు జరగండి. ఆపైన రేకును గాలికే వదిలేయండి. నీళ్లు కొట్టినా మెత్తదనం పోదు గాని, పెద్ద రేకు వంకర తిరుగుతుంది.

పగులు అంచునే మొదలవడానికి ఇంకో కారణం కత్తెర గాట్లు. కోసిన అంచును కొట్టడానికి ముందే ఆకురాయితో నున్నగా రుద్దండి. ఇప్పటికే చీలిన రేకైతే చీలిక కొసన 3 ఎం.ఎం. రంధ్రం వేసి, చుట్టూ ఎనీల్ చేసి, అప్పుడు వెల్డింగ్ పెట్టండి.

వంపు కోసం నడిమధ్యనే బాదుతూ పోవడం చాలా షెడ్లలో ఉన్న అలవాటు. ఒకసారి చెక్క బక్ (బాడీ ఆకారంలో చేసిన అచ్చు) మీద కాగితం పరచి చూడండి. కాగితం ముడతలు పడిన చోట రేకును కుదించాలి. కోత పెడితే తప్ప కూర్చోని చోట, ఆ కోత ఎంత విచ్చుకుందో అంత సాగదీయాలి. మడ్‌గార్డ్ అంచున వచ్చేవన్నీ ముడతలే. టకింగ్ ఫోర్కుతో (రేకు అంచును మెలితిప్పే రెండు పళ్ల పనిముట్టు) అంచున చిన్న ముడత తిప్పి, అది విచ్చుకోకుండా కొయ్య సుత్తితో అణిచేయండి. లోహం తనలోకి తాను కుంచించుకుని అక్కడ మందమవుతుంది. ముడత ఎత్తుగా తీస్తే పక్కకు ఒరిగి రేకు మీద రేకు పడుతుంది, తర్వాత చీలేది సరిగ్గా అక్కడే. చిన్న ముడతలు ఎక్కువ వేయడమే మంచిది.

ప్రశ్న: రెండు ముక్కలు గ్యాస్ వెల్డింగ్‌తో కలిపాక అతుకు లోపలికి దిగిపోతోంది. పుట్టీ పెట్టేయవచ్చా?
– పాఠకుడు, పోరూర్, చెన్నై

జవాబు: పుట్టీ జోలికి పోకండి. చల్లారేటప్పుడు అతుకు కుంచించుకుంటుంది, అందుకే దిగుతుంది. కింద డాలీ (చేత్తో పట్టుకునే ఇనుప దిమ్మ) పట్టి, పైనుంచి నున్నచేసే ప్లానిషింగ్ సుత్తితో అతుకు మీదే తేలిగ్గా కొడుతూ సాగదీస్తే పైకి వస్తుంది. అతుకు ఆ దెబ్బలకు తట్టుకోవాలంటే ఫిల్లర్, అంటే అతుకులో కరిగించే తీగ, మెత్తగా ఉండాలి. 1100 తీగ గాని, అదే రేకు నుంచి కోసిన సన్నటి పట్టీ గాని వాడండి. 4043 తీగలో 5 శాతం దాకా సిలికాన్ ఉంటుంది, అతుకు బిరుసెక్కుతుంది. అంచుల మధ్య సందు లేకుండా చూసుకుని, 25 ఎం.ఎం.కి ఒక ట్యాక్ (చుక్క వెల్డింగ్) పెట్టండి. పనయ్యాక వేడినీళ్లు, బ్రష్‌తో రెండు వైపులా ఫ్లక్స్ (వెల్డింగ్‌కు రాసే మందు) కడగాలి. లోపలివైపు మిగిలిపోయిన ఫ్లక్స్ పెయింట్ వేశాక కూడా రేకును తినేస్తుంది.

ప్రశ్న: ఫ్రేమ్ పైపుల వెంట పెయింట్ పొంగి, కింద తెల్లపొడి కనబడుతోంది. ఎందుకు?
– పాఠకురాలు, తిరువాన్మియూర్, చెన్నై

జవాబు: స్టీల్, అల్యూమినియం ఒకదానికొకటి తగిలి మధ్యలో ఉప్పు తేమ చేరితే అల్యూమినియం కరుగుతుంది. సన్నటి స్టీల్ పైపుల మీద అల్యూమినియం తొడిగే సూపర్‌లెజెరా పద్ధతిలో కట్టిన ఆస్టన్ మార్టిన్ డీబీ5 బండ్లకూ ఈ బాధ ఉంది. సముద్రపు గాలి తగిలే మీ ప్రాంతంలో మరీ త్వరగా వస్తుంది. రేకు విప్పి, తెల్లపొడిని పూర్తిగా గీకేయండి. గుంటలు రేకు అవతలికి దిగి ఉంటే ఆ ముక్క మార్చాల్సిందే. పైపులకు ఎపాక్సీ ప్రైమర్ కొట్టి, ఆనే ప్రతిచోటా రబ్బరు పట్టీ వేయండి. స్టీల్ రివెట్లు తీసేసి, సీలెంట్ రాసిన అల్యూమినియం రివెట్లు వేయండి. అంచు మడతలో స్టీల్ తీగ ఉంటే దాన్నీ మార్చి అల్యూమినియం తీగ పెట్టించండి.